ఖాళీగా వదిలిన నాలుగో గడి

2024 మే 22, బుధవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. నాగర్‌కర్నూల్ బస్టాండుకు నాలుగు నిమిషాల నడక దూరంలో ఉన్న ఒక బ్యాటరీ దుకాణం. గోడకు వేలాడుతున్న ఉష్ణమాపకంలో నలభై ఒక్క డిగ్రీలు. ఆకాశంలో మబ్బు తునక లేదు. పడమటి గాలికి దుకాణం ముందరి రేకుల పందిరి ఉండి ఉండి టపటప కొట్టుకుంటున్నది. ఈ వివరాలన్నీ నా నోటు పుస్తకంలో ఉన్నవి. ఆ రోజు నేను తీసుకున్న నిర్ణయం కూడా, కారణాలతో సహా, అదే పేజీలో ఉన్నది. కారణాలు మూడు. మూడూ అంకెలే. మూడింటిలో ఒక్కటీ తప్పు కాదు.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు విద్యుత్ సబ్‌స్టేషన్లలో పనిచేశాను. గద్వాలలో తొమ్మిది, వనపర్తిలో పన్నెండు, నాగర్‌కర్నూల్‌లో పది. గంటగంటకూ మీటర్లు చూసి లాగ్ పుస్తకంలో రాయడం నా పని. ప్రతి సబ్‌స్టేషన్‌లోనూ ఒక బ్యాటరీ గది ఉండేది. గాజు పాత్రల వంటి యాభై ఐదు సెల్లులు వరుసగా పేర్చి ఉండేవి. కరెంటు పోయినా ఆ సెల్లుల బలంతోనే రక్షణ యంత్రాలన్నీ పనిచేస్తాయి. ప్రతి సోమవారం ఒక్కొక్క సెల్లులో హైడ్రోమీటరు ముంచి, ఆమ్లం చిక్కదనం ఎంత ఉన్నదో మూడో దశాంశం వరకు రాసేవాణ్ణి. ఒకటి పాయింట్ రెండు సున్నా సున్నాను మా వాడుకలో పన్నెండు వందలు అంటాము; అంతకంటే తగ్గిన సెల్లును ఎర్ర సిరాతో గుర్తించేవాణ్ణి. ముప్పై ఒక్క సంవత్సరాలలో నా గదిలో ఒక్క సెల్లు కూడా చెప్పకుండా చనిపోలేదు. బ్యాటరీ గురించి నాకు ఇంకొకరు చెప్పవలసిన అవసరం ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

పదవీ విరమణ తరువాత ఒక పాత ట్రాక్టరు కొన్నాను. సొంత భూమి తక్కువ, అద్దె పనులు ఎక్కువ. నడపడానికి మా ఊరి మనిషినే, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, పెట్టుకున్నాను. అయితే ఆ ట్రాక్టరు కొనడానికి అసలు కారణం మా చెల్లె.

మా చెల్లె కోడేరు మండలంలో ఆరెకరాల ఎర్ర చెలక నేల కౌలుకు చేస్తుంది. బావ చనిపోయి అప్పటికి ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ ఆమె ఒక జత ఎడ్లతో జొన్న, కంది కలిపి విత్తుకుంటూ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో నేను ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని లెక్క వేసి చూపించాను. ఎడ్లు మూడు వందల అరవై ఐదు దినాలు మేస్తాయి. దున్నడం, విత్తడం, గుంటక తోలడం అన్నీ కలిపి అవి పనిచేసేది ముప్పై ఎనిమిది దినాలు. మిగిలిన మూడు వందల ఇరవై ఏడు దినాలు వాటికి గడ్డి, నీళ్లు, ఆమె రెక్కల కష్టం.

"నా ట్రాక్టరుకు నీ ఆరెకరాలు ఒక పూట పని. అన్నిటికన్నా ముందు నీ చేనే విత్తుతాను. ఎడ్లు ఎందుకు నీకు?" అన్నాను.

ఆమె చాటలో జొన్నలు చెరుగుతూనే, "ఎడ్లకు పదునెప్పుడొస్తదో తెలుస్తదన్నా. నీ బండికి తెలుస్తదా?" అన్నది.

పదును అంటే వాన కురిసిన తరువాత విత్తనం మొలవడానికి చాలినంత తడి నేలలో నిలిచే కాలం. మా ఎర్ర చెలకలో అది రెండు దినాలు, మహా అయితే మూడు దినాలు. నల్లరేగడి వలె వారం దాకా ఆగదు. ఆ రెండు దినాలలో విత్తనం పడితే పంట. లేకుంటే మళ్లీ వాన దాకా ఎదురుచూపు.

"బండికి తెలియదు, నాకు తెలుసు. వానను సీసాలో కొలిచి మరీ చెప్తాను," అన్నాను.

ఆమె నవ్వింది. "సరే గానీ, నువ్వు సదువుకున్నోనివి. నువ్వు జెప్తే తప్పుంటదా," అని చాట పక్కన పెట్టింది. ఆ నెలలోనే పెబ్బేరు సంతలో ఎడ్లను అమ్మేసింది. కొన్నవాళ్లు వాటిని తోలుకుపోతుంటే ఆమె వెనక్కి తిరిగి చూడలేదని నాకు తరువాత తెలిసింది. నేను ఆ రోజు సంతకు పోలేదు. లెక్క అయిపోయిందనుకున్నాను.

మే నెలలో ట్రాక్టరు పాత బ్యాటరీ చచ్చింది. నిజానికి అది అంతకు ముందే సగం చచ్చి ఉండేది. మా డ్రైవరు పొద్దుగూకే సరికి ట్రాక్టరును ఊరి చివర బండరాళ్ల వాలు మీద నిలిపి, చక్రం కింద రాయి పెట్టి వచ్చేవాడు. పొద్దున రాయి తీస్తే బండి తనంతట తాను దొర్లేది, ఆ దొర్లుడులోనే గేరు వేసి ఇంజన్ లేపేవాడు. మా వైపు ట్రాక్టర్లున్న ఊళ్లలో ఇట్లాంటి వాలు ఒకటి తప్పనిసరిగా ఉంటుంది. నాకు ఆ అలవాటు నచ్చేది కాదు. యంత్రం యంత్రం వలె లేవాలి, రాయి తీస్తే లేవకూడదు.

అందుకే నాగర్‌కర్నూల్ పోయాను. సబ్‌స్టేషన్ రోజుల నుంచి నన్ను ఎరిగిన ఆ దుకాణదారు నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. ఆమ్లం చుక్కలు పడి పడి అతని లుంగీ జల్లెడ వలె ఉన్నది. చదువు లేదు, గల్లా పెట్టె మీద గీతలు గీసి లెక్క పెట్టుకుంటాడు. నేను రెండు బ్యాటరీలను పక్కపక్కన పెట్టించి, నోటు పుస్తకంలో గడులు గీశాను. ఒకటి ట్రాక్టరు బ్యాటరీ. రెండోది ఇళ్లలో ఇన్వర్టరుకు వాడే పెద్ద బ్యాటరీ.

మొదటి గడి, సామర్థ్యం: ట్రాక్టరుది ఎనభై ఎనిమిది ఆంపియర్ గంటలు, ఇన్వర్టరుది నూట యాభై. రెండో గడి, బరువు: ట్రాక్టరుది ఇరవై నాలుగు కిలోలు, ఇన్వర్టరుది యాభై రెండు. బరువు ఎక్కువంటే లోపల సీసం ఎక్కువని అర్థం. మూడో గడి, హామీ: ట్రాక్టరుది పద్దెనిమిది నెలలు, ఇన్వర్టరుది ముప్పై ఆరు. పైగా పనిలేని నెలలలో ఇంట్లో ఫ్యాను కూడా తిరుగుతుంది.

ట్రాక్టరు బ్యాటరీ మూత మీద చిన్న అక్షరాలలో ఇంకొక అంకె ఉన్నది. ఇంజన్ లేపే క్షణాన అది ఒక్కపెట్టున ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె. ఐదు వందలు. దానికి నాలుగో గడి గీసి రాసుకున్నాను. ఇన్వర్టరు బ్యాటరీని నాలుగు వైపులా తిప్పి చూశాను. దాని మీద ఆ అంకె లేదు. ఆ గడిలో ఒక అడ్డగీత గీసి వదిలేశాను. మా సబ్‌స్టేషన్ సెల్లుల మీద కూడా అట్లాంటి అంకె ఎన్నడూ ఉండేది కాదు. లేని అంకెతో నాకేమి పని?

"పెద్దది ఇవ్వు," అన్నాను.

దుకాణదారు కదల్లేదు. "బండికా సార్?"

"బండికే."

"సార్, జర ఇనుండ్రి. గిది ఇంట్ల లైట్లకు, ఫ్యాన్లకు. మెల్లగ తాగుతది, మెల్లగ ఇస్తది. దినమంతా నడిచే ఎద్దసుంటిది. డీజిల్ ఇంజన్‌కు ఎద్దు పనికి రాదు సార్. పొట్టేలు గావాలె. ఒక్క గుద్దు. గంతే. గుద్దినంక పక్కకు పోయి పండుకున్నా పర్వాలేదు."

"నూట యాభై ఎక్కువా, ఎనభై ఎనిమిది ఎక్కువా?"

"నూట యాభయ్యే ఎక్కువ సార్."

"మరి గుద్దు ఎంత? దీని గుద్దు ఎంత, దాని గుద్దు ఎంత? అంకె చెప్పు."

అతడు నవ్వాడు. రెండు చేతులూ చాపి చూపించాడు. "అంకె నాకేం తెల్వదు సార్. నలభై ఏండ్ల సంది ఎత్తుతున్న. చేతులకు తెలుస్తది. గిండ్ల రేకులు లావు, కొన్నే ఉంటయి. గండ్ల సన్నయి, మస్తుగుంటయి. చేన్ల కుదుపులకు గిది ఆగదు. లోపల రేకులను కలిపే జోడు ఇరుగుతది."

"చేతులకు తెలిసింది పుస్తకంలో రాయలేను," అన్నాను.

"రాయకుండ్రి సార్. ఇనుండ్రి అంటున్న." తరువాత అతడు బీడీ ముట్టించుకుని, పెద్ద బ్యాటరీని ఆటోలోకి ఎక్కించమని తన పనివాడికి సైగ చేశాడు. పోతుంటే వెనకనుంచి, "సార్, బండిని వాలు మీదనే నిలపమనుండ్రి. గంతవరకన్న ఇనుండ్రి," అన్నాడు. నేను వినిపించుకోలేదు.

కొత్త బ్యాటరీ ట్రాక్టరు పెట్టెలో పట్టలేదు. కోడేరులో వెల్డింగు చేయించి, ఇనుప కోణాలతో పెట్టెను రెండింతలు చేయించాను. పట్టనిదాన్ని పట్టించడానికి ఇనుము కోసినప్పుడైనా ఆగి ఆలోచించవలసింది. నేను పెట్టె కొలతలు రాసుకున్నాను.

మే 23 నుంచి ఇంజన్ లేచిన ప్రతిసారీ చేతి గడియారం చూసి సెకన్లు రాశాను. మొదటి వారం రెండు సెకన్లు. వాలు మీద నిలపడం మాన్పించాను. డ్రైవరు తల గోక్కున్నాడే గానీ ఎదురు చెప్పలేదు. రెండో వారం మూడు సెకన్లు. జూన్ 6న నాలుగు. జూన్ 8న ఐదు. పక్కన "స్టార్టరు మోటారు పాతది" అని రాసుకున్నాను. అంకె పెరుగుతూ వచ్చింది, నేను రాస్తూ వచ్చాను. రాయడమే చూడడం అనుకునే జబ్బు నాకు ముప్పై ఒక్క సంవత్సరాలది.

జూన్ 10, సోమవారం, సాయంత్రం నాలుగు గంటల పదిహేను నిమిషాలకు మొదలైన వాన ఐదూ నలభైకి వెలిసింది. నా సీసాలో ఇరవై రెండు మిల్లీమీటర్లు. ఆ సాయంత్రమే చెల్లెకు ఫోన్ చేసి చెప్పాను. "నువ్వు కొలిచినవు, నేను దొక్కి చూసిన. మడిమె దిగుతున్నది. తెల్లారంగ రా," అన్నది.

జూన్ 11, మంగళవారం. ఉదయం ఏడు గంటలకు మొదటి సాలు. ఇరవై ఆరు డిగ్రీలు. పడమట పలుచని మబ్బు, గాలి లేదు. ఎర్రమన్ను తడిసి కుంకుమ రంగుకు తిరిగింది. చెల్లె విత్తనాల మూటతో గట్టు మీద, నేను నోటు పుస్తకంతో గట్టు మీద. ట్రాక్టరు వెనక విత్తే గొర్రు. తడి మన్ను గనుక గొర్రు గొట్టాలలో మట్టి ఇరుక్కునేది. ఇరుక్కున్నప్పుడల్లా డ్రైవరు దిగి పుల్లతో పొడిచి తీయాలి.

మొదటిసారి దిగినప్పుడు అతడు ఇంజన్ నడుస్తుండగానే దిగాడు. నేను ఆపమన్నాను.

"సారూ, బండిని బంద్ జెయ్యకుండ్రి. ఇంజన్ నడుస్తుంటే నడువనీయుండ్రి. చేన్ల నిలవడ్డంక లేవకుంటే?"

"ఊరికే నడిస్తే గంటకు లీటరున్నర డీజిల్. కొత్త బ్యాటరీ ఉన్నది, ఆపు."

"మీ ఇష్టం సారూ. బండి మీది, చేను అక్కది, తిట్లు నాయి," అని అతడు తాళం తిప్పాడు.

ఆరు సార్లు ఆపించాను. ఆరు సార్లు లేచింది. ఆరోసారికి తొమ్మిది సెకన్లు పట్టింది. ఎనిమిదీ ఇరవైకి ఏడోసారి ఆపించాను. తాళం తిప్పితే "టక్" అని ఒక్క చప్పుడు. మళ్లీ తిప్పితే మళ్లీ టక్. ఇంజన్ కదల్లేదు. అప్పటికి విత్తింది ఎకరా ముప్పై గుంటలు. నలభై గుంటలు ఒక ఎకరం గనుక, ఇంకా నాలుగెకరాల పది గుంటలు మిగిలి ఉన్నవి.

నా సంచిలోనుంచి మీటరు తీసి బ్యాటరీకి పెట్టాను. పన్నెండు పాయింట్ నాలుగు వోల్టులు. సుస్తీ లేని అంకె. తాళం తిప్పమని మళ్లీ చూశాను. మూడుకు పడిపోయింది. తాళం వదలగానే మళ్లీ పన్నెండు పాయింట్ నాలుగు.

చెల్లె వచ్చి నా భుజం మీదుగా చూసింది. "ఏమంటున్నదన్నా మీటరు?"

"బాగానే ఉన్నదంటున్నది."

"పీనుగ బాగున్నదన్నట్టు." ఆమె ట్రాక్టరు టైరు మీద చెయ్యి వేసింది. "ఎద్దు పండుకుంటే ముల్లుగర్రతోని పొడిస్తే లేస్తది. దీన్నేడ పొడవాలె?"

దొర్లించి లేపుదామంటే చేను చదును. వాలు లేదు. తడి మట్టిలో టైర్లు జానెడు దిగి ఉన్నవి. గొర్రు విప్పేసి నేను, డ్రైవరు, చెల్లె, ఆమె పిలిపించిన ముగ్గురు ఆడవాళ్లు, మొత్తం ఆరుగురం తోశాము. ట్రాక్టరు రెండు టన్నులు. బెత్తెడు కదిలి ఇంకా లోతుకు దిగింది. అవతలి చేనులో ఇంకొక ట్రాక్టరు విత్తుతున్నది. డ్రైవరు పరుగున పోయి దాని బ్యాటరీ కాసేపు ఇమ్మని అడిగాడు. ఆ రైతు సాలు ఆపకుండానే కేక వేశాడు.

"నా బండి ఆగితే నాకు దిక్కెవరయ్యా? పొద్దుగూకినంక వస్త. సారుకు నోటు బుక్కు ఉన్నది గద, దాంట్ల ఎతుక్కోమను."

అతని తప్పేమీ లేదు. పదును అందరికీ ఒకటే. సాయంత్రానికి అతడు వచ్చిన మాట నిజమేననీ, తన బ్యాటరీని విప్పడానికి మాత్రం ఒప్పుకోలేదనీ తరువాత విన్నాను.

డ్రైవరు మోటారు సైకిలు తీసుకుని నేను ఒక్కణ్ణే బయలుదేరాను. వెనక సీటుకు ఆ యాభై రెండు కిలోలు కట్టుకుని నాగర్‌కర్నూల్ చేరేసరికి పది గంటల నలభై నిమిషాలు. దుకాణదారు దాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేయలేదు. బ్యాటరీని రెండు చేతులతో పట్టి కొంచెం ఊపి, వంగి దానికి చెవి ఆనించాడు.

"జోడు ఇరిగింది సార్. ఇనుండ్రి, లోపల కదులుతున్నది."

అతని దగ్గర ట్రాక్టరు బ్యాటరీలు రెండు ఉన్నవి. రెండూ పొడివి. ఆమ్లం పోసి, తొలిసారి ఎనిమిది గంటలు చార్జింగు పెడితే గానీ పనికి రావు. మిగిలిన దుకాణాలలో తయారుగా ఉన్నవి పదును పేరిట అప్పటికే అమ్ముడుపోయినవి. ముందటి రోజు గాలివానకు ఆ వీధిలో స్తంభం ఒరిగి కరెంటు లేదు. ఎప్పుడు వస్తుందో అడిగితే, "మీ డిపార్ట్‌మెంటోల్లనే అడుగుండ్రి," అని అప్పుడు మాత్రం కొంచెం నవ్వాడు.

తరువాత లోపలికి పోయి ఒక పాత బ్యాటరీ తెచ్చి నా ముందు పెట్టాడు. దుమ్ము పట్టినది, ఒక మూల పగిలి అతుకు వేసినది. "ట్రాక్టరుదే సార్. గిప్పుడు తీస్కపోండ్రి. చేను అయినంక తెచ్చియ్యుండ్రి. పైసలు గూడ వద్దు."

నా సంచిలో హైడ్రోమీటరు ఉన్నది. ఆరు సెల్లులూ చూశాను. అన్నిటిలోకీ మంచిది పదకొండు వందల తొంభై. మిగిలినవి ఇంకా తక్కువ. ఒక్కటి కూడా పన్నెండు వందలకు చేరలేదు.

"ఇది పనికిరాదు. మా గదిలో అయితే దీనికి ఎర్ర సిరా పెట్టేవాణ్ణి."

"సార్, గిది సబ్‌స్టేషన్ గాదు, చేను. బయట ఎండ ఉన్నది, ఇంజన్ ఎచ్చగున్నది. గిది ఒక్కపాలి గుద్దుతది. లేచినంక బంద్ జెయ్యకుండ్రి, పని అయిపోతది."

"ఎన్నిసార్లు గుద్దుతుంది?"

"ఒక్కపాలి సార్. మీకు గావాల్సింది ఒక్కపాలే గద."

నాకు కావలసింది ఒక్కసారే. అది నిజం. అతడు చెప్పిన మాటలలో అది ఒక్కటే అంకె, అదే నేను నమ్మలేదు. "కొత్తదానిలో ఆమ్లం పొయ్యి. ఆగుతాను," అన్నాను.

సాయంత్రం నాలుగు గంటలకు చెల్లె ఫోన్ చేసింది. "ఏమాయెనన్నా?"

"కొత్తది తయారవుతున్నది. కరెంటు లేదు. రేపటికి అవుతుంది."

"పాతది ఏమైన దొరకదా?"

"ఒకటి ఉన్నది. దాని రీడింగు బాగా లేదు."

ఫోనులో గాలి చప్పుడు వినిపించింది. ఆ గాలి పొద్దున లేదు. "అన్నా, పడమటి గాలి లేసింది. మన్ను మీద తెల్ల పొర కడుతున్నది. రీడింగు నాకేమెరుక? బండి లేస్తదంటడా, లేవదంటడా?"

"ఒకసారి లేస్తుందంటాడు. కానీ నమ్మకం లేదు."

"ఒక్కసారి లేస్తే నాకు సాలు గదనే. పట్కరా. నీ కాల్మొక్కుత, పట్కరా."

నేను ఆమెకు పదకొండు వందల తొంభై అంటే ఏమిటో వివరించాను. ఆమె విన్నది. "సరే అన్నా," అని పెట్టేసింది. నాకు గుర్తున్నంత వరకు మా చెల్లె నన్ను బతిమాలింది జన్మలో ఆ ఒక్కసారే.

కరెంటు సాయంత్రం ఆరున్నరకు వచ్చింది, ఎనిమిదికి పోయింది, మర్నాడు ఉదయం తొమ్మిదికి మళ్లీ వచ్చింది. జూన్ 12, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు ఆరు సెల్లులూ పన్నెండు వందల డెబ్బై చూపించాయి. రాసుకున్నాను. చేను చేరేసరికి ఐదున్నర. ముప్పై ఏడు డిగ్రీలు, గాలి ధాటిగా ఉన్నది.

చేనులో ఎడ్లు కనిపించాయి. చెల్లె మధ్యాహ్నం వేళ ఊరిలో తమ చేను ముగించుకున్న ఒకరిని బతిమాలి, రెండు కూలి దినాలు తిరిగి చేస్తానని మాట ఇచ్చి వాళ్ల ఎడ్లను తెచ్చుకున్నది. అవి అలసిన ఎడ్లు. నోళ్ల నుంచి నురుగు కారుతున్నది. ఎకరా పది గుంటలు విత్తాయి. ఆ సాళ్ల పక్కనే నా ట్రాక్టరు టైర్లు దిగబడి, చుట్టూ మన్ను ఎండి పగుళ్లు తేలి నిలబడి ఉన్నది.

కొత్త బ్యాటరీ ఎక్కించాము. నేను పెద్దది చేయించిన ఇనుప పెట్టెలో అది వదులుగా ఊగింది. పక్కన గోనె సంచులు కుక్కి బిగించాము. తాళం తిప్పగానే, రెండు సెకన్లు కూడా కాలేదు, ఇంజన్ లేచింది. ఒక్క గుద్దు. దుకాణదారు చేతులకు తెలిసిన ఆ అంకె నా చెవికి అప్పుడు తెలిసింది.

"మిగిలిన మూడెకరాలు చీకటి పడేలోగా వేస్తాము," అన్నాను.

చెల్లె వంగి, నాలుగు వేళ్ల లోతు నుంచి మన్ను తీసి పిడికిలి బిగించి విప్పింది. ముద్ద నిలవలేదు. పొడిపొడిగా వేళ్ల సందుల నుంచి జారిపోయింది.

"ఇంక వద్దన్నా. ఇత్తనం ఎందుకు పాడు జేసుకునుడు. పోయింది పదును." కొంగుకు చేతులు తుడుచుకున్నది. అప్పటికి నేను నోటు పుస్తకం తెరిచి ఉన్నాను. ఆమె దాని వైపు చూసి అన్నది, "రాసుకో. ఏం టైమాయెనో రాసుకో. నువ్వు రాస్తెనే గద అయినట్టు."

నేను రాశాను. ఐదు గంటల యాభై రెండు నిమిషాలు.

మళ్లీ వాన జూలై 4, గురువారం పడింది. అప్పటికి జొన్నకు అదను దాటింది. అప్పుడు వేస్తే లేత మొలకలను మొవ్వు ఈగ తింటుంది. ఆ మూడెకరాలూ ఆగస్టు దాకా బీడుగా ఉండి, చివరికి ఉలవలకు పోయినవి. విరిగిన పెద్ద బ్యాటరీని హామీ కింద మార్చి ఇవ్వమని అడిగితే, ట్రాక్టరుకు వాడినదానికి హామీ వర్తించదన్నారు. ఆ నిబంధన హామీ కాగితం వెనక పదకొండో వరుసలో ఉన్నది. ముప్పై ఆరు అనే అంకె ముందు వైపు పెద్ద అక్షరాలలో ఉండడం వల్ల నేను వెనక్కి తిప్పలేదు.

డ్రైవరు మళ్లీ ట్రాక్టరును వాలు మీదనే నిలుపుతున్నాడు, కొత్త బ్యాటరీ ఎంత బాగున్నా. నేను వద్దనడం మానేశాను. 2025 ఫిబ్రవరిలో చెల్లె పెబ్బేరు సంతకు పోయి ఒక జత ఎడ్లను కొనుక్కున్నది. ఒకదానికి కొమ్ము విరిగి ఉన్నది. కొనే ముందు నన్ను అడగలేదు. ఆ ఏడాది వానకాలం పదును రోజున ట్రాక్టరు పంపనా అని నేనే ఫోన్ చేశాను. "వద్దులే అన్నా, నీకు పనులుంటయి," అన్నది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు నయంగా ఉండేది.

మే 22 నాటి పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. నాలుగో గడిలోని అడ్డగీతను చెరపలేదు, దాని పక్కన ఏమీ రాయలేదు.

పంట కొలిచింది 2025 జనవరి 19, ఆదివారం. నేను కల్లం దగ్గర ఉన్నాను. బస్తాలు నేనే లెక్కపెట్టాను. ఆరెకరాలలో ట్రాక్టరు పదునులో విత్తింది ఎకరా ముప్పై గుంటలు. ఎడ్లు ఆరిపోయే పదునులో విత్తింది ఎకరా పది గుంటలు. అందులో సగమే మొలిచింది. విత్తకుండా మిగిలింది మూడెకరాలు. అంతకు ముందటి సంవత్సరం ఎడ్లతో అదే చేనులో వచ్చింది ఇరవై ఆరు బస్తాల జొన్నలు, తొమ్మిది బస్తాల కందులు. ఈసారి జొన్నలు పది, కందులు మూడు, ఉలవలు నాలుగు.